చిన్నమ్మ టర్కీలు, నా ఎద సూది

నేను పదహారేళ్లుగా గోపాలమిత్రగా, అంటే ఊరూరా తిరిగి ఎదకొచ్చిన పశువులకు వీర్యం ఎక్కించే మనిషిగా పని చేస్తున్నాను. గార్లదిన్నె మండలంలో ఏడెనిమిది ఊర్లు తిరుగుతాను. బండికి ఒక పక్క ఎద్దు వీర్యం నిల్వ ఉండే నైట్రోజన్ క్యాన్, ఇంకో పక్క సంచిలో గ్లౌజులు, వీర్యం ఎక్కించే గన్, దానికి తొడిగే షీత్‌ల ప్యాకెట్, ఒక పాత తువ్వాలు. తెల్లవారి ఐదింటికే ఫోన్ మోగుతుంది. "అన్నా, రాత్రి నుంచి ఆవు ఒకటే అరుపు. ఎదకొచ్చిండాది. వచ్చి సూది వేసిపో." ఇన్నేళ్లలో ఎన్ని ఆవులకు, ఎన్ని ఎనుములకు వేశానో లెక్క పెట్టుకోలేదు.

అలాంటి నేను ఈ రెండేళ్లలో టర్కీ కోళ్లకు అదే పని చేయడం నేర్చుకున్నాను. మా శాఖ కాగితాల్లో దీన్ని కృత్రిమ గర్భధారణ అంటారు. కోడికి గర్భం ఉండదు కానీ మాటకు అదే వాడుతున్నాను. పెద్ద జాతి టర్కీలు తెచ్చుకుని గుడ్లు పిల్లలు కాక నష్టపోయినవాళ్లు మా వైపు నాకు తెలిసే నలుగురున్నారు. నేను చూసింది, చేసిన తప్పులతో సహా రాస్తే వాళ్లలో ఒకరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, పక్క ఊర్లోనే ఉంటుంది. నాలుగెకరాల వేరుశనగ చేను. చిన్నాయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. చిన్నప్పుడు నేను సగం ఆమె ఇంట్లోనే పెరిగాను. రెండేళ్లు వరసగా వానల్లేక చెనిక్కాయ పంట చేతికి రాకపోయేసరికి ఆమె టర్కీలు పెట్టింది. ముప్పై పెట్టలు, ఐదు పుంజులు, అన్నీ నల్లవి, నాటు కలిసినవి. చేను గట్టున చింతచెట్టు కింద కంచె వేసి వదిలేస్తే మేసి తిరిగేవి. వేసవి ముందు గుడ్లు పెట్టాయి. అనంతపురంలో గుడ్లు పొదిగే మిషన్ ఉన్న ఒకాయన దగ్గర కూలికి గుడ్లు పెట్టించింది. ఇరవై ఎనిమిది రోజులకు పిల్లలు బాగానే దిగాయి. మొదటి ఏడాది ఏ టెన్షన్ లేదు.

రెండో ఏడాది ఎవరో చెప్పారట, తెల్ల జాతి పుంజులైతే పిల్లలు బాగా బరువొస్తాయని. పాత పుంజులు అమ్మేసి బెంగళూరు వైపు నుంచి ఐదు తెల్ల పుంజులు తెప్పించింది. ఒక్కోటి పన్నెండు కిలోల పైమాటే. రొమ్ము ఎంత వెడల్పంటే రెండు చేతులు చాచి పట్టుకోవాలి. అవి తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, ముక్కు మీద వేలాడే కండను ఎర్రగా సాగదీసి నడుస్తుంటే ఊర్లో పిల్లలంతా కంచె దగ్గరే ఉండేవాళ్లు. అందులో అన్నిటికన్నా పెద్దదానికి చిన్నమ్మ దొర అని పేరు పెట్టింది.

ఆ ఏడాది మొదటి విడత 112 గుడ్లు మిషన్‌లో పెడితే 14 పిల్లలు దిగాయి. మిషన్ ఆయన ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. "అమ్మా, నీ పెట్టలు గొడ్డువి. అమ్మేసి వేరేవి తెచ్చుకో."

చిన్నమ్మ నాతో చెప్పినప్పుడు ఆ మాట మాత్రం చెప్పలేదు. "గుడ్లు సరిగా లేవంట నాయనా" అంది, అంతే. గొడ్డు మాట ఆ తర్వాత చాలా రోజులకు తెలిసింది.

ఆ పెట్టలే ముందటేడు బాగా పిల్లలిచ్చాయి కదా అని నాకు మొదట తట్టింది. మారింది పుంజులు. అయినా కోళ్ల సంగతి నాకు తెలియదు కాబట్టి మా మండలం పశువుల డాక్టర్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు ఒక పని చెయ్యమన్నారు. పదో రోజు గుడ్డును లైట్ మీద పెట్టి చూసినప్పుడు తేటగా కనిపిస్తే రెండు కారణాలు ఉండొచ్చు. గుడ్డులో అసలు పిండమే కట్టకపోవడం ఒకటి, కట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోవడం ఇంకొకటి. రెండోదైతే తప్పు మిషన్‌దో, గుడ్లు నిల్వ పెట్టడందో కావచ్చు. మొదటిదైతే వీర్యం చేరలేదు. ఈ తేడా తెలియాలంటే మిషన్‌లో పెట్టని తాజా గుడ్డు పగలగొట్టి చూడాలి.

ఒక సాయంత్రం చిన్నమ్మ అరుగు మీద పన్నెండు గుడ్లు పెట్టుకుని కూర్చున్నాం. టర్కీ గుడ్డు కోడిగుడ్డు కన్నా పెద్దది, మీగడ రంగు మీద గోధుమ చుక్కలు చల్లినట్టు ఉంటుంది. ఒక్కోటి మెల్లగా తళియలోకి జారవిడిచి పచ్చసొన మీద ఉండే తెల్ల చుక్కను ఫోన్ లైట్‌లో చూడటమే పని. పిండం కట్టిన గుడ్డయితే ఆ చుక్క గుండ్రంగా, చిన్న గారెలాగా ఉంటుంది. మధ్యలో తేట, చుట్టూ తెల్ల వలయం. కట్టనిదైతే ఇంకా చిన్నదిగా, చిక్కటి తెలుపుగా, అంచులు చిరిగినట్టు ఉంటుంది. పన్నెండింటిలో గారె ఉన్నది ఒక్కటే. పదకొండింటికి వీర్యమే చేరలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి కంచె దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు కదలకుండా చూశాను. పెట్ట వచ్చి ముందు కూర్చుంటుంది, పుంజు ఎక్కుతుంది, కాళ్లతో తొక్కుతుంది. పక్షుల్లో ద్వారానికి ద్వారం ఆనాలి, అప్పుడే పని అవుతుంది. ఈ తెల్లవాటికి రొమ్ము అడ్డం. వెనక భాగం కిందికి వంగదు, తోక పెట్ట తోక కిందికి రాదు. ఒకపక్కకు జారిపోతాయి. పన్నెండు కిలోల బరువుతో జారుతూ గోళ్లతో పెట్ట వీపు చీరేస్తాయి. ఆరు పెట్టల వీపు మీద ఈకల్లేవు, రెండింటికి చర్మం తెగి ఎర్రగా ఉంది. చిన్నమ్మ పసుపు నూనె రాస్తూ వచ్చింది, పెట్టలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయనుకుని.

దీన్ని పుంజుల తప్పు అని కూడా అనలేం. రొమ్ము మాంసం కోసం మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచితే ఆ జాతి అలా తయారైంది. అమెరికాలో, యూరప్‌లో వ్యాపారానికి పెంచే తెల్ల టర్కీ పుంజు 20 వారాలకే 18 కిలోలు దాటుతుంది. అక్కడ ఈ జాతి దాదాపు మొత్తం కృత్రిమ పద్ధతిలోనే పుడుతోంది. వారం వారం మనుషులు వచ్చి వేల పెట్టలకు చేతితో వీర్యం వేస్తేనే ఆ పరిశ్రమ నడుస్తుంది. పుంజుకు పొట్ట నిమిరి వీర్యం తీసే పద్ధతిని బర్రోస్, క్విన్ అనే ఇద్దరు అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1930లలో పెట్టారు. టర్కీకి కూడా పనికొస్తుందని 1937లో ప్రచురించారు. మన దేశంలో ఆవుకు మొదటి కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీలో సంపత్ కుమారన్ గారు చేశారని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. రెండూ దాదాపు ఒక వయసు పనులు. ఒకటి మా ఊరికి ఎప్పుడో వచ్చింది, ఇంకొకటి ఇప్పుడు వచ్చింది.

తెల్ల పుంజులు అమ్మేసి మళ్లీ నాటువి తెచ్చుకోమని నేను చెప్పి ఉండాల్సింది. ఐదు నాటు పుంజులు ఉంటే ముప్పై పెట్టలకు అంతా తేలిగ్గా జరిగిపోయేది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, చిన్న రైతుకు అదే మేలని చెప్తాను. కానీ చిన్నమ్మ డబ్బు అప్పటికే పెట్టేసింది. పైగా "ఆవులకు వేస్తావు కదా, వీటికి వెయ్యలేవా?" అంది. ఆ ఒక్క మాటకు దిగాను.

ఆవు పనికి, ఈ పనికి తేడా ఎక్కడ మొదలవుతుందంటే, ఆవుకు వేసేటప్పుడు నేను ఎద్దును చూడను. ఎక్కడో వీర్యం తీసి, పరీక్ష చేసి, స్ట్రా అనే సన్నటి గొట్టంలో నింపి, గడ్డకట్టించి పంపిస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర అది ఏళ్ల తరబడి ఉంటుంది. ఎద్దు చచ్చిపోయినా దూడలు పుడతాయి. ఇక్కడ పుంజు నా ముందే ఉంటుంది, వీర్యం తీయాల్సింది నేనే, బాగుందో లేదో చూడాల్సిందీ నేనే.

పదిహేను రోజుల ముందే పుంజుల్ని పెట్టల నుంచి వేరు చేశాం. రోజూ సాయంత్రం ఒకే వేళకు వెళ్లి ఒక్కోదాన్నీ ఎత్తుకుని, వీపు నిమిరి, దించేవాణ్ణి. ఇది వృథా పని అనిపిస్తుంది కానీ మొత్తం దీని మీదే ఉంది. పుంజు మనిషిని గుర్తుపడుతుంది. చేతులు మారితే, గట్టిగా అరిస్తే, ఎండలో తరిమి పట్టుకుంటే ఆ రోజు చుక్క కూడా ఇవ్వదు. తీసే రోజు మధ్యాహ్నం నుంచి మేత ఆపుతాం, రెట్ట కలవకుండా. పక్కింటి పిల్లవాడు స్టూలు మీద కూర్చుని పుంజును ఒడిలో బోర్లా పెట్టుకుని రెండు కాళ్లు పట్టుకుంటాడు. నేను ఎడమచేత్తో వీపు మీద నుంచి తోక వైపు, కుడిచేత్తో కింద పొట్టను నిమురుతాను. నాలుగైదు సార్లకు తోక పైకి లేస్తుంది, ద్వారం తెరుచుకుని లోపలి భాగం బయటికి ఉబుకుతుంది. అప్పుడు రెండు వేళ్లతో పక్కల నుంచి మెల్లగా నొక్కితే వస్తుంది. మొత్తం రెండు నిమిషాలు. ఆత్రపడి గట్టిగా పిండితే మూత్రం తెల్లగా సున్నంలా వచ్చి కలుస్తుంది, ఒక్కోసారి నెత్తురు చార. అలా కలిసింది పారబొయ్యాల్సిందే. మొదటి వారం నేను తీసిందంతా పారబోశాను.

వచ్చేది ఎంతనుకుంటున్నారు? నాలుగు చుక్కలు. ఒక ఎం.ఎల్.లో ఐదో వంతు. కానీ ముత్యం రంగులో, మీగడంత చిక్కగా ఉంటుంది. ఎద్దు స్ట్రాలో పావు ఎం.ఎల్.కు రెండు కోట్ల వీర్యకణాలు ఉంటాయి. టర్కీ వీర్యం ఒక ఎం.ఎల్.లో ఆరు వందల కోట్లకు పైనే ఉంటాయి. అంటే ఆ నాలుగు చుక్కల్లో నూట ఇరవై కోట్లు. అందుకే పెట్టకు 0.03 ఎం.ఎల్. చాలు, ఒక ఎం.ఎల్. సిరంజి మీద మూడు గీతలు. ఐదు పుంజులు కలిపి ఒక ఎం.ఎల్. ఇస్తే ముప్పై పెట్టలకు సరిపోతుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు ఆ చిన్న సీసాను చేతిలో పట్టుకుని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

పెట్టలకు సాయంత్రం ఐదున్నర తర్వాత వేస్తాం. ఆ వేళకు ఆ రోజు గుడ్డు చాలావాటికి పడిపోయి ఉంటుంది. గట్టి పెంకు గుడ్డు లోపల ఉన్నప్పుడు వేస్తే వృథా. పెట్టకు పనిచేసే అండాశయం, గుడ్డు దారి ఎడమవైపే ఉంటాయి. పొట్టకు ఎడమపక్క నొక్కితే ఆ దారి గులాబీ రంగులో ఉంగరంలా బయటికి వస్తుంది. సూది తీసేసిన సిరంజిని ఒక అంగుళం పైన లోపలికి పెట్టి, నొక్కిన చెయ్యి వదులుతూ వదులుతూ వీర్యం దించాలి. చెయ్యి వదలకుండా దించితే వెనక్కి వచ్చేస్తుంది. ఇది చేత్తో తెలియాల్సిందే. ఒక్కో పెట్టకు ఒక్కో కొత్త సిరంజి వాడతాను. ఆవుకు షీత్ మార్చినట్టే. టర్కీల్లో మైకోప్లాస్మా జబ్బు ఒకటి వీర్యంతో పాటే పాకుతుంది, ఒక సిరంజితో అన్నిటికీ వేస్తే మంద మొత్తానికీ అంటుకుంటుంది.

టర్కీ పెట్టకు ప్రకృతి ఇచ్చిన ఒక గొప్ప వసతి ఉంది. గుడ్డు దారిలో ఒకచోట సన్నటి గొట్టాలు ఉంటాయి, వీర్యకణాలు వాటిలో చేరి బతికే ఉంటాయి. నాటుకోడిలో రెండు మూడు వారాలు. టర్కీలో ఒక్కసారి వేసినదానితో పది వారాల దాకా పిల్ల కట్టే గుడ్లు వచ్చిన సందర్భాలున్నాయి. ఆవుకు ఎద గడిచిన సగం రోజుకే సూది వృథా అవుతుందని పరిగెత్తే నాకు ఇది వింతగా అనిపించింది. రోజులు గడిచేకొద్దీ ఆ నిల్వ తగ్గుతుంది కాబట్టి పెద్ద ఫారాల్లో వారానికోసారి వేస్తారు. మేము పది రోజులకోసారి వేస్తున్నాం. గుడ్లు మొదలయ్యే ముందే ఒకటి రెండుసార్లు వేసి ఆ గొట్టాలు నింపిపెడితే సీజన్ అంతా బాగుంటుంది.

ఇక నా తప్పు. తమ్ముడి వరసయ్యే ఒకతనికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఇరవై పెట్టలున్నాయి. చిన్నమ్మ దగ్గర వీర్యం తీసి, చిన్న సీసాలో పోసి, మూత బిగించి, ఐసు ముక్కల ఫ్లాస్కులో పెట్టుకుని బండి మీద వెళ్లాను. చల్లగా, గాలి తగలకుండా ఉంచితే చాలనుకున్నాను. పదహారేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఇరవై పెట్టలకూ వేశాను. ఆ విడత గుడ్లలో పిండం కట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతను నన్నేమీ అనలేదు, కానీ మేత ఖర్చు అతనిది. నాకు నాలుగు రోజులు నిద్ర పట్టలేదు.

డాక్టర్ సార్ చెప్పాక అర్థమైంది. నాటు పుంజు వీర్యకణాలు గాలి లేకపోయినా కొంతసేపు నెట్టుకొస్తాయి. టర్కీవి అలా కాదు, వాటికి ఆక్సిజన్ కావాలి. మూత బిగించిన సీసాలో అంత చిక్కటి వీర్యం పెడితే ఊపిరాడక పోతాయి. దానికి తోడు ఐసు నేరుగా తగిలి ఉన్నట్టుండి చల్లబడ్డాయి. పెద్ద ఫారాల్లో వీర్యాన్ని ప్రత్యేక ద్రావణంలో కలిపి, ఏడు డిగ్రీల చల్లదనానికి మెల్లగా తెచ్చి, గాలి ఆడేలా కదుపుతూ కొన్ని గంటలు ఉంచుతారు. మనలాంటివాళ్లకు ఒకటే మాట: తీసిన అరగంటలో వేసేయాలి. ఇప్పుడు దూరం వెళ్లాల్సి వస్తే పుంజునే ఆటోలో తీసుకెళ్తాను.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పారు. నా క్యాన్‌లో ఎద్దు స్ట్రాలలో ఉన్న వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతున్నాయంటే అందులో కలిపే గ్లిజరాల్ అనే ద్రవం వల్లే. ఆ గ్లిజరాల్ గుణాన్ని 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, ఆయనతో పనిచేసినవాళ్లు కనిపెట్టింది కోడిపుంజు వీర్యం మీద! కానీ గ్లిజరాల్ ఉన్న వీర్యం పెట్ట లోపలికి వెళ్తే పిండం కట్టడం పడిపోతుంది. కోడి వల్ల దొరికిన ఉపాయం ఆవులకు అందింది, కోళ్లకు అందలేదు.

చిన్నమ్మ దగ్గర మొదటి విడత వందకు 45 గుడ్లు కట్టాయి. పన్నెండింటికి ఒకటితో పోలిస్తే సంతోషమే. కానీ చెయ్యి కుదిరాక కూడా 50 దాటలేదు. అప్పటిదాకా నేను ఐదు పుంజులదీ ఒకే సీసాలో కలిపి వేస్తున్నాను. ఒకరోజు విడివిడిగా తీసి ఐదు సీసాలూ తెల్ల కాగితం మీద వరసగా పెట్టాను. నాలుగు ముత్యాల తెలుపు. దొరది మాత్రం లేత పసుపు, గంజిలో చిటికెడు పసుపు కలిపినట్టు. చుట్టూ ఉన్నవాళ్లు "అదే సత్తువైంది, చూడప్పా ఎట్లుండాదో" అన్నారు. చిన్నమ్మ కూడా మురిసిపోయింది.

గురువారం దొరను, ఇంకో పుంజును ఆటోలో వేసుకుని చిన్నమ్మా నేనూ మండలం పశువుల ఆసుపత్రికి వెళ్లాం. ఆ రెండోది అన్నిటికన్నా చిన్నది, కొంచెం కుంటుతుంది, ఎప్పుడూ మూలనే ఉండేది. ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద వీర్యం తీశాను. సార్ గోరువెచ్చటి గాజు పలక మీద చుక్క పెట్టి మైక్రోస్కోప్ కింద ముందు కుంటిదాన్ని చూపించారు. సుడులు సుడులుగా, పెన్నలో కొత్త నీళ్లు తిరిగినట్టు మొత్తం కదులుతోంది. తర్వాత దొరది. కదలిక లేదు. అక్కడక్కడ ఒకటి తల తిప్పుతోంది, అంతే. మధ్యమధ్యలో గుండ్రటి పెద్ద కణాలు. టర్కీల్లో పసుపు వీర్యం అంటే ఇదేనన్నారు సార్. అందులో ప్రొటీన్ ఎక్కువ, సరిగా తయారు కాని కణాలు ఎక్కువ, చెడ్డ వీర్యకణాల్ని మింగే కణాలు కూడా ఉంటాయి. పిండం కట్టే శక్తి బాగా తక్కువ. దాన్ని మంచివాటితో కలిపితే పెట్టకు వేసే మూడు గీతల్లో కొంత భాగం వట్టిదే వెళ్తుంది.

చిన్నమ్మ తానూ చూస్తానంది. కొంగు సర్దుకుని, ఒక కన్ను మూసి, ముందు కుంటిదాన్ని చూసింది. "చీమల పుట్ట తవ్వినట్టుండాది" అంది. తర్వాత దొరది చూసింది. చాలాసేపు చూసింది. సార్ వేరే పశువును చూడటానికి బయటికి వెళ్లారు.

తల ఎత్తకుండానే అడిగింది. "నాయనా, మనుషులకు గూడా ఇట్లనే చూస్తారా?"

"చూస్తారు చిన్నమ్మా."

"మీ చిన్నాయన ఉన్నప్పుడు గూడా ఉండిందా ఇది?"

"ఉండింది."

చిన్నమ్మకు పద్దెనిమిదేళ్లకు పెళ్లయింది. కసాపురం ఆంజనేయస్వామికి ముడుపు కట్టింది, పెన్నహోబిలంలో పొర్లుదండాలు పెట్టింది. అనంతపురంలో, కర్నూలులో ఆసుపత్రులకు తిరిగింది. ఎన్ని పరీక్షలు చేసినా ఆమెకే చేశారు. చిన్నాయన మంచివాడు, ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన్ను ఒక్కరోజు కూడా ఎవరూ పరీక్షకు రమ్మనలేదు. ఊర్లో సీమంతాలకు ఆమెను పిలిచేవాళ్లు కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట ఆమె వెనక వింటూనే ఉన్నాను.

ఆమె మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేచి, "దొరను ఆటోలోకి ఎక్కించు, ఎండ పడ్తాంది" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఇది రాయొచ్చా అని మొన్న అడిగితే, "రాయి, పేరు మాత్రం రాయద్దు" అంది.

దొరను పక్కన పెట్టాం. నాలుగు పుంజుల వీర్యమే కాబట్టి పెట్టకు రెండున్నర గీతలు వేశాను. ఆ విడత వందకు 81 గుడ్లు కట్టాయి. లైట్ మీద చూస్తే నరాలు సాలెగూడులా ఎర్రగా పాకి, మధ్యలో చిన్న చుక్క కొట్టుకుంటోంది. ఒకదాని తర్వాత ఒకటి తీసి చూపిస్తుంటే చిన్నమ్మ లెక్కపెడుతూ పోయింది.

అక్టోబర్ వానల్లో మళ్లీ పడిపోయింది. పుంజులు నాలుగు చుక్కలకు బదులు రెండే ఇవ్వడం మొదలుపెట్టాయి, దిగిన పిల్లలు కూడా రెక్కలు వేలాడేసి మందంగా ఉండేవి. ఈసారి దొరికింది మేతలో. చెనిక్కాయ చెక్క మూట నేల మీద పెట్టాం, చెమ్మ తగిలి అడుగున పచ్చగా బూజు పట్టింది. పైపైన తీసి వేస్తున్నాం కాబట్టి చూడలేదు. వేరుశనగ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందే, అది ప్రపంచానికి తెలిసిందే టర్కీల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చచ్చిపోయాయి. జబ్బేమిటో తెలియక టర్కీ ఎక్స్ జబ్బు అన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు అని తేలింది. ఆ విషం ముందు కాలేయాన్ని తింటుంది, పుంజుల్లో వీర్యాన్నీ దెబ్బతీస్తుంది. చెనిక్కాయ మన జిల్లాకు అన్నం పెట్టిన పంట, దాన్ని అనుమానించడానికి మనసు రాదు. కానీ టర్కీ ఉన్నవాళ్లు చెక్క మూటను బల్ల మీద పెట్టుకోండి, చేత్తో అడుగు దాకా తిరగేసి వాసన చూడండి. మేము ఆ మూట గుంత తీసి పూడ్చేశాం. నెలన్నరకు పుంజులు మళ్లీ దారికొచ్చాయి.

ఎండ సంగతీ ఒక మాట. ఎద్దుకు వృషణాలు బయట ఉంటాయి, గాలి తగులుతుంది. పక్షికి లోపల వెన్నెముకకు ఆనుకుని ఉంటాయి, ఒంటి వేడి ఎలాగూ 41 డిగ్రీలు. బయట కూడా 42 అయ్యే మన ఏప్రిల్, మే నెలల్లో పుంజు నోరు తెరుచుకుని రొప్పుతుంది, మేత తినదు, వీర్యం పల్చబడుతుంది. షెడ్డు మీద చెరకు ఆకు కప్పి మధ్యాహ్నం నీళ్లు చల్లుతాం. ఆ రెండు నెలలు గుడ్లు తక్కువే మిషన్‌కు పంపిస్తాం.

దొరను క్రిస్మస్ ముందు ఒకాయన మంచి ధరకు అడిగాడు. చిన్నమ్మ ఇవ్వలేదు. వేరే గూట్లో పెట్టి మేపుతోంది. పొద్దున ఆమె కంచె తీయగానే అది పురి విప్పి చుట్టూ ఒక తిరుగుడు తిరుగుతుంది.

పోయిన నెల తాడిపత్రి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. తెల్ల టర్కీలు, నలభై పెట్టలు, గుడ్లు మిషన్‌లో పెడితే పిల్లలు దిగడం లేదట. "పెట్టలన్నీ గొడ్డువన్నా, సంతలో అమ్మేద్దామనుకుంటాండా, ఒకసారి నువ్వు చూసి చెప్తే..." అన్నాడు. ఆదివారం వెళ్లాను. పెట్టల్ని పట్టి నా ముందు వరసగా గంపల కింద పెట్టి ఉంచాడు. ఒక స్టూలు తెప్పించుకుని నీడలో కూర్చుని, ఒడిలో తువ్వాలు పరుచుకుని, "వాటిని వదిలేయన్నా, పుంజును పట్టుకురా" అన్నాను.